తలుపు లాక్ కొనకముందే చదువు, అల్లుడూ

అల్లుడూ,

మొన్న మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చినప్పుడు నీ బండి డ్రైవర్ వైపు తలుపు గమనించాను. కిందికి దిగి, తలుపును మోకాలితో కొంచెం పైకి లేపి, భుజంతో నెట్టి వేశావు. అప్పుడే అడుగుదామనుకున్నా, కాంటాల హడావుడిలో కుదరలేదు. రాత్రి అక్క ఫోన్ చేసి, లాక్ పాడైందని కొత్తది కొంటున్నావని చెప్పింది. ఆగు. తలుపు పైకి లేపితే లాక్ పడుతోందంటే లాక్ పనిచేస్తున్నట్టే. తలుపే కిందికి జారింది. తప్పు హింజుల దగ్గర ఉంది, అంటే తలుపును బండికి పట్టి ఉంచే మడత బందుల దగ్గర.

నా మాట మీద కాదు, నువ్వే చూసుకో. తలుపు సగం తెరిచి, లాక్ వైపు అంచు కింద రెండు చేతులు పెట్టి మెల్లగా పైకి లేపు, మళ్ళీ దించు. ఇంకొకరిని హింజుల దగ్గర కూర్చోబెట్టి టార్చ్ వేసి చూడమను. హింజు తిరిగే ఇరుసు లాంటి పిన్ను తన రంధ్రంలో అటూ ఇటూ ఆడుతుంటే అరిగింది బుష్షు (పిన్ను చుట్టూ ఉండే లోహపు గొట్టం), లేదంటే పిన్ను. పిన్ను కదలకుండా హింజు ప్లేటే పిల్లర్ (తలుపు బిగించిన బండి నిలువు స్తంభం) మీద కదులుతుంటే బోల్టులు వదులయ్యాయి. బోల్టులు బిగువుగానే ఉన్నా ప్లేటు చుట్టూ రేకు లోపలికీ బయటికీ ఊగుతుంటే పిల్లర్ రేకు పగిలింది. ఈ మూడింటికీ మందు వేరు వేరు. ఏదో తేల్చుకోకుండా పానా పట్టకు.

కాస్త అరిగితేనే అంత జారుతుందా అంటావు. లెక్క చూడు. రెండు హింజుల మధ్య 40 సెంటీమీటర్లు, తలుపు వెడల్పు 1 మీటరు అనుకో. పై హింజు 1 మిల్లీమీటరు అరిగితే లాక్ దగ్గర తలుపు రెండున్నర మిల్లీమీటర్లు దిగుతుంది. తలుపు బరువు పై హింజును వెనక్కి లాగుతుంది, కింది హింజును ముందుకు నెడుతుంది. అందుకని రెండూ అరుగుతాయి. రెండూ ఒక్కో మిల్లీమీటరు అరిగితే లాక్ దగ్గర 5 మిల్లీమీటర్లు. లాక్ వెళ్ళి పట్టుకోవాల్సిన కొక్కేన్ని తప్పిపోవడానికి అది చాలు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నా మొదటి బండి ఎడమ తలుపు ఇలాగే జారితే, ఒక షెడ్డులో వెనక పిల్లర్ మీది ఆ కొక్కేన్ని కిందికి దించి బిగించారు. నేనూ సరే అన్నాను. రెండు నెలలు బాగానే పడింది. లోపల హింజు అరుగుతూనే ఉంది. లాక్‌కు రెండు మెట్లుంటాయి కదా, పూర్తిగా పడకుండా మొదటి మెట్టు మీదే ఆగిపోతున్న సంగతి నేను చూసుకోలేదు. పరకాల వైపు వెళ్తుంటే మలుపులో తలుపు తెరుచుకుంది. పక్కన కూర్చున్న క్లీనర్ పిల్లవాడి చొక్కా నా చేతికి దొరకబట్టి సరిపోయింది. ఆ చొక్కా గుడ్డ నా గుప్పిట్లో నలిగినట్టు ఇప్పటికీ తెలుస్తుంది. నీ బండిలో మీ అమ్మ కూర్చుంటుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

పిన్నుకు వెల్డింగ్ పెట్టిస్తానని ఎవరైనా అంటే కూడా ఒప్పుకోకు. రేపు తలుపు ఊడదీయాల్సి వస్తే కట్టర్‌తో కోయడమే గతి.

ఇక పిన్నో, బుష్షో అరిగి ఉంటే చేయాల్సిన పని. ముందురోజు సాయంత్రమే పిన్నుల మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచు. పొద్దున హింజు ప్లేట్ల చుట్టూ మార్కర్‌తో గీత గీయి, మళ్ళీ ఎక్కడ బిగించాలో ఆ గీతే చెప్తుంది. తలుపు ఎక్కువ తెరుచుకోకుండా ఆపే పట్టీ పిన్ను తీసెయ్. స్పీకర్‌కో, సెంట్రల్ లాక్‌కో వైరు వేయించి ఉంటే అదీ విప్పు. తలుపు కింద జాకీ పెట్టి, మీద చెక్క, దాని మీద పాత ట్యూబు ముక్క వేసి, బరువు మోసేంత మట్టుకే లేపు. తోడు మనిషి తప్పకుండా ఉండాలి. రెండు హింజులూ ఒకేసారి విప్పకు. ఒకటి పూర్తిచేసి, బిగించి, అప్పుడు రెండోది పట్టుకో.

పిన్నుకు ఒకవైపు తల, దాని కింద సన్నటి గాట్లు ఉంటాయి. ఆ గాట్ల వైపు నుంచే బయటికి రావాలి, కాబట్టి రెండో కొస నుంచి పంచ్ పెట్టి సుత్తితో కొట్టు. క్లిప్ ఉంటే ముందు అది తీయి. బయటికి వచ్చిన పిన్నును డీజిల్‌తో తుడిచి, బొటనవేలి గోరును దాని పొడవునా నడిపించు. నున్నగా పోతూ పోతూ ఒకచోట మెట్టు తగులుతుంది. బుష్షు కూర్చున్నంత మేరా లోహం తినేసి ఉంటుంది. బుష్షును వెలుగుకు పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా సాగి ఉంటుంది.

నీ మోడల్‌కు సరిపోయే పిన్ను, బుష్షు సెట్ దొరికితే అదే కొను. దొరకకపోతే వరంగల్ ఆటోనగర్‌కు వెళ్ళి, పాత పిన్ను, హింజు రెండూ లేత్ మిషన్ అతని చేతిలో పెట్టు. నోటి కొలత చెప్పకు, వెర్నియర్ కొలత పరికరంతో కొలవమను. ఇత్తడి బుష్షు చాలు, గన్‌మెటల్ అయితే ఇంకా మన్నుతుంది. హింజు రంధ్రమే సాగి ఉంటే దాన్ని కొంచెం పెద్దది చేసి, బయటి కొలత పెద్దగా ఉన్న బుష్షు వేయించు. బుష్షును సుత్తితో కొట్టి దింపితే అంచు విప్పారుతుంది. బెంచ్ వైస్‌లో పెట్టి నొక్కించు. పిన్ను చేత్తో నెడితే కాస్త బిగువుగా దిగాలి, ఆడకూడదు.

పిల్లర్ రేకు పగిలి ఉంటే మాత్రం నువ్వు ముట్టుకోకు, అది బండి రేకు పని చేసే డెంటర్ పని. అతను వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీయించు.

అంతా బిగించాక తలుపును విసురుగా వేయకు. మొదటిసారి చాలా మెల్లగా దగ్గరికి తెచ్చి, ముందు అంచు మడ్‌గార్డుకు తగులుతుందేమో, చుట్టూ సందు ఒకేలా ఉందో లేదో చూడు. తేడా ఉంటే బోల్టులు పావు చుట్టు వదులు చేసి, జాకీతో సర్ది, మళ్ళీ బిగించు. లాక్ కొక్కేన్ని ముట్టుకునేది ఇవన్నీ అయ్యాకే, అది కూడా అవసరమైతేనే. చాలాసార్లు అవసరం రాదు.

తలుపు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు ఉంటాయి, పుల్లతో పొడిచి చూడు. పత్తి పీచు, మిర్చి గింజలు, దుమ్ము కలిసి అక్కడ గట్టిపడతాయి. వానాకాలం నీళ్ళు లోపలే నిలిచి తలుపు బరువెక్కుతుంది, అడుగు రేకు తుప్పు పడుతుంది. చాలామంది ఇది చూడరు. గ్రీజు పెట్టేటప్పుడు పాతది పూర్తిగా తుడిచెయ్. దుమ్ము కలిసిన గ్రీజు ఉప్పు కాగితంలా పనిచేస్తుంది. పత్తి సీజన్‌కు ముందొకసారి, మిర్చి అయిపోయాక ఒకసారి పెడితే సరిపోతుంది.

ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది. ఎడమ తలుపును కూడా ఒకసారి లేపి చూడు. తీసిన పిన్నులు పారేయకు, గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకో. వచ్చే లోడుకు మార్కెట్‌కు వచ్చినప్పుడు చూస్తాను.

నీ మామ