పదకొండేళ్లుగా మీరు ప్రసంగం వినలేదు

ప్రశ్న: అమ్మా, వందనాలు. నాకు 39 ఏళ్లు. ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో ప్రైవేటు బడిలో టీచర్‌ని. మా బాప్టిస్టు సంఘంలో పదకొండేళ్లుగా సండే స్కూలు చూసుకుంటున్నాను. ప్రసంగం మొదలవగానే పిల్లల్ని పక్కన రేకుల షెడ్డులోకి తీసుకెళ్లి పాఠం చెబుతాను. ఒకప్పుడు అరవై మంది వచ్చేవాళ్లు, ఇప్పుడు పద్నాలుగు మంది. పెద్ద తరగతుల వాళ్లకి ఆదివారం కూడా ట్యూషన్లే. కొన్ని కుటుంబాలు టౌన్లో కొత్తగా వచ్చిన పెద్ద మందిరానికి వెళ్లిపోయాయి. నాతోపాటు పాఠాలు చెప్పే అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది. మే నెలలో వీబీఎస్ (పిల్లలకు వేసవి సెలవుల్లో పెట్టే బైబిలు బడి) అయ్యాక కమిటీలో ఒక పెద్దాయన "ఖర్చెంత, వచ్చిన పిల్లలెంత?" అని అందరి ముందూ అడిగారు. వార్షికోత్సవంలో గుండ్లకమ్మ ఏటిలో జరిగిన ఆనాటి బాప్తిస్మాల గురించి విన్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఐదేళ్ల వయసు నుంచీ నా దగ్గర పెరిగిన కుర్రాడు ఇంటర్‌లో చేరాక "అవన్నీ కథలు టీచర్" అన్నాడు. మా అబ్బాయికి పదిహేనేళ్లు, చర్చికి రానంటున్నాడు. పోయిన ఆదివారం చార్టులు సంచిలో పెట్టుకుని గేటు దాకా వెళ్లాను. పది నిమిషాలు నిలబడ్డా కాళ్లు లోపలికి పడలేదు, వెనక్కి వచ్చేశాను. ఎనిమిదేళ్ల పాప ఒకతి తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చి, షెడ్డు ముందు నా కోసం కూర్చుందట. ప్రార్థన చేస్తే గోడకు చెప్పుకున్నట్టుంది. "దేవుడు మన ప్రార్థన వింటాడు" అని పిల్లలకు చెబుతుంటే దొంగలా అనిపిస్తోంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. మా ఆయన మానెయ్ అంటున్నారు. మానేస్తే దేవుణ్ణే వదిలేసినట్టు కాదా? — పేరు రాయవద్దు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అరవై, పద్నాలుగు అనే అంకెలే కళ్లకు కొట్టాయి. మూడోసారికి గానీ అసలు మాట కనపడలేదు. ప్రసంగం మొదలవగానే మీరు పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లిపోతారు. ఏడాదికి 52 ఆదివారాలు, పదకొండేళ్లు. జ్వరాలూ ఊరి ప్రయాణాలూ తీసేసినా ఐదు వందల ప్రసంగాలు మీరు వినలేదు. ఇన్నేళ్లుగా వడ్డిస్తూనే ఉన్నారు గానీ, పంక్తిలో మీ ఆకు ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు. మీ సంఘంలో ఎవరికీ ఇది తట్టలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. నేను సండే స్కూలు చెప్పిన ఇరవై రెండేళ్లలో నాకే తట్టలేదు.

నా సంగతీ చెబుతాను. ఒక శనివారం రాత్రి దావీదు, గొల్యాతు పాఠం సిద్ధం చేస్తున్నాను. అట్టముక్కతో ఐదు రాళ్లు కత్తిరిస్తూ, బూడిద రంగు అయిపోయిందే, నలుపు వేస్తే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను. ఉన్నట్టుండి అనిపించింది, ఈ అధ్యాయం నా కోసం చదివి ఎన్నేళ్లయిందీ అని. బైబిలు రోజూ తెరుస్తూనే ఉన్నాను. కానీ తెరిచిన ప్రతిసారీ కంఠత వాక్యం ఏది పెడదాం, ఏ బొమ్మ గీద్దాం అనే లెక్కే. చదవడం మానలేదు, నాకోసం చదవడం మానేశాను. మీకూ అదే జరిగిందని నా అనుమానం. అది విశ్వాసం పోవడం కాదు, తిండి లేక నీరసించడం. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

ఇక "దొంగలా అనిపిస్తోంది" అన్న మాట. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చదవండి. చాలా కీర్తనలు ఏడుపుతో మొదలైనా చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంటూ అక్కడే ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ తీసిపారేయలేదు, ప్రార్థనల మధ్యనే ఉంచారు. గోడకు చెప్పుకున్నట్టున్నా చెప్పుకుంటూనే ఉన్నవాణ్ణి దొంగ అనలేదు. ఇప్పుడు మీకు సొంత మాటలు రాకపోతే పోనివ్వండి. 13వ కీర్తన ఆరు వచనాలే. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి పైకి చదవండి. "ఎన్నాళ్లవరకు", "ఎంతవరకు" అని మొదటి రెండు వచనాల్లోనే మళ్లీ మళ్లీ అడుగుతాడు దావీదు. మీ బదులు ఆయన్ని అడగనివ్వండి.

పిల్లల దగ్గర ఏం చెప్పాలంటారా? మీ కష్టాలన్నీ వాళ్ల ముందు పరవక్కర్లేదు. ఎనిమిదేళ్ల పిల్లకు అది మోయలేని బరువు. కానీ "దేవుడు వింటాడు, అయినా కొన్నిసార్లు మనకు ఆయన విన్నట్టు అనిపించదు, దావీదుకూ అలాగే అయింది" అని చెప్పవచ్చు. అది అబద్ధం కాదు. అన్నీ అడగ్గానే దొరికే దేవుణ్ణే పదేళ్లపాటు చూపించి పంపితే, ఇంటర్లో మొదటి దెబ్బకే "అవన్నీ కథలు" అంటారు. మీ కుర్రాడు అలా అనడానికి మీరే కారణమని నేననడం లేదు. పదిహేడేళ్లకు ఆ మాట అనని పిల్లలు తక్కువ. కానీ అతను వెళ్లి ఊరంతా చెప్పలేదు, మీ దగ్గరకొచ్చి చెప్పాడు. ఈసారి కనపడితే వాదించకండి, టీ ఇచ్చి కూర్చోబెట్టి "ఏ కథ దగ్గర నీకు కుదరలేదురా?" అని అడిగి వినండి.

గుండ్లకమ్మ సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం, ఎందుకంటే ఆ కథను మన సంఘాల్లో సగమే చెబుతారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనకు నోటికి వచ్చు. అంతకుముందు సంగతి ఎవరూ చెప్పరు. ఆ బాప్తిస్మాలిచ్చిన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలైంది. ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదని 1853లో అమెరికాలో మూసేయాలని చర్చించారు. మీ కమిటీ పెద్దాయనలాంటివాళ్లు అక్కడా ఉన్నారన్నమాట. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ఆ మిషనరీ జ్యూయెట్ దొర ప్రార్థన చేసినప్పుడు అక్కడున్నది మొత్తం ఐదుగురు. 1867లో ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. మీ పద్నాలుగు కంటే తక్కువే.

ఇంకో సంగతి కూడా ఉంది. 1876 నుంచి వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలిగా ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లు కోకొల్లలు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా ఆపేశాడు. పెద్ద అంకెతో పేరు పడ్డ ఆ మనిషే అంకె పెంచుకునే అవకాశం చేతిలో ఉండగా వద్దనుకున్నాడు. మీకు కూడా వేలమంది వస్తారని చెప్పడానికి ఇదంతా రాయలేదు. రాకపోవచ్చు కూడా. మీ ఊళ్లో పుట్టే పిల్లలే తగ్గారు, ఉన్నవాళ్లు హాస్టళ్లలో ఉన్నారు, దానికి మీరేం చేస్తారు?

ట్యూషన్ల గురించి ఒక చిన్న మాట. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూళ్లు పెట్టించింది వారమంతా పనికెళ్లే పిల్లల కోసం. వాళ్లకు ఖాళీ దొరికేది ఆదివారమే కాబట్టి ఆ రోజు పెట్టారు. మన పిల్లలకు ఇప్పుడు ఆదివారం ఉదయమే ఖాళీ లేదు. పదో తరగతి వాళ్లకు ఆదివారం సాయంత్రం ఐదింటికి ఓ ముప్పావు గంట పెట్టి చూడండి. నలుగురొచ్చినా నలుగురే.

ఆ పెద్దాయనకు సమాధానం చెప్పే పని మీది కాదు, పాస్టరు గారిది. ఖర్చు లెక్క కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి, అంతే.

మీ ఆయన "మానెయ్" అన్నారని కోపం తెచ్చుకోకండి. నిర్గమకాండము 18లో మోషే ఒక్కడే ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుని జనం గొడవలు తీర్చడం చూసి మామ యిత్రో "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. మీ ఆయన చూసిందీ అదే. రోగం ఆయన సరిగ్గానే పట్టుకున్నారు, మందే వేరు. యిత్రో మానెయ్యమనలేదు, పంచమన్నాడు. పాస్టరు గారి దగ్గరకు మీ ఆయన్ని కూడా తీసుకెళ్లి రెండు విషయాలు అడగండి. మొదటిది, షెడ్డులో మీతోపాటు ఇంకో పెద్ద మనిషి ఉండాలి. ఇది మీ అలసట గురించే కాదు, పిల్లల భద్రత కోసం ఏ సంఘంలోనైనా ఒక్కరే పెద్దవాళ్లు పిల్లలతో ఉండకూడదు. రెండోది, ప్రభురాత్రి భోజనం ఇచ్చే మొదటి ఆదివారం పిల్లలు వాళ్ల అమ్మానాన్నల పక్కనే కూర్చోవాలి, మీరు లోపల ఉండాలి. దీనికి ముందు ఒక నెల పూర్తిగా సెలవు తీసుకోండి. ఎన్నాళ్లో చెప్పి తీసుకునే సెలవు మానేయడం కాదు. ఇవి కుదరవని సంఘం అంటే మాత్రం, అప్పుడు మానేయండి. దేవుణ్ణి వదిలేసినట్టేమీ కాదు.

మీ అబ్బాయి దగ్గర సండే స్కూలు టీచర్‌గా ఉండకండి. వాడికి టీచర్లు చాలామంది ఉన్నారు, అమ్మ ఒక్కతే. ఓ నెల రోజులు చర్చి మాటే ఎత్తకుండా వాడికిష్టమైన కూర వండిపెట్టండి.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చే విషయం మాత్రం ప్రార్థనకే వదిలేయకండి. రెండు వారాలకు పైగా నిద్ర లేక, ఏ పనీ సహించక, ఊరికే ఏడుపొస్తుంటే డాక్టరుకు చూపించుకోవాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ కౌన్సిలర్లు మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. థైరాయిడ్, రక్తం తక్కువ కావడం కూడా మనిషిని ఇలాగే చేస్తాయి, ఆ పరీక్షలు కూడా చేయించుకోండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే మీ ఆయనకు చెప్పి ఆ నంబరుకు చేయండి.

షెడ్డు ముందు కూర్చున్న పాప గురించి రాసి, మీరు ఆ ముక్క కింద గీత గీశారు. ఆ పాపకు చెప్పకుండా మానకండి. వాళ్లింటికి ఒక సాయంత్రం వెళ్లి, "వచ్చే నాలుగు వారాలూ నేను లోపల పెద్దవాళ్లతో కూర్చుంటాను, నువ్వూ తమ్ముడూ వచ్చి నా పక్కన చాప మీద కూర్చోండి" అనండి. ఎందుకు టీచర్ అని అడుగుతుంది. నేను కూడా పాఠం వినాలి కదా అనండి.