బాష్ స్క్రిప్టుకు డైలాగ్ బాక్సులు ఎలా పెట్టాలి?

టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే విండో) అంటే జంకే వారికి మీ బాష్ స్క్రిప్టు, అంటే ఆదేశాలు వరుసగా రాసిన ఫైలు, ఇవ్వాలంటే దాన్ని మరో భాషలో తిరగరాయనక్కరలేదు. లినక్స్‌లో జెనిటీ (zenity) అనే చిన్న ప్రోగ్రాం మీ స్క్రిప్టు తరఫున డైలాగ్ బాక్సులు చూపిస్తుంది. కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవారికి అలాంటిదే కేడైలాగ్ (kdialog) ఉంది.

జెనిటీతో ఫైలు ఎంచుకునే విండో తెరిస్తే, ఎంచుకున్న ఫైలు పూర్తి పాత్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి (ప్రోగ్రాం మామూలుగా ఫలితం పంపే దారిలోకి) వస్తుంది. దాన్ని వేరియబుల్‌లో పట్టుకోండి. ఏ బటన్ నొక్కారో ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య, చెబుతుంది: ఓకే అయితే 0, క్యాన్సిల్ చేసినా విండో మూసేసినా 1, పెట్టిన గడువు దాటితే 5. ఈ కోడ్‌ను తప్పకుండా పరీక్షించండి. ఫైళ్లు తుడిచే స్క్రిప్టయితే మరీను, ఎందుకంటే క్యాన్సిల్ నొక్కితే వేరియబుల్ ఖాళీగానే మిగులుతుంది. ఫైలు పేర్లలో ఖాళీలుంటాయి కాబట్టి వేరియబుల్‌ను డబుల్ కోట్స్‌లోనే వాడండి.

నాకు అన్నిటికంటే నచ్చేది ప్రోగ్రెస్ బార్. పైపు (ఒక ఆదేశం అవుట్‌పుట్‌ను మరోదానికి అందించే | గుర్తు) ద్వారా జెనిటీకి 40 అని ఒక వరుస పంపితే పట్టీ 40 శాతానికి జరుగుతుంది. # గుర్తుతో మొదలయ్యే వరుస పంపితే పట్టీతో పాటు కనిపించే రాత మారుతుంది. ‘ఫొటోలు కాపీ అవుతున్నాయి’ అని చక్కగా తెలుగులోనే చూపించవచ్చు. క్యాన్సిల్ నొక్కగానే స్క్రిప్టు కూడా ఆగిపోవాలంటే ఆటో కిల్ (--auto-kill) ఆప్షన్ జోడించండి.

ఎస్ఎస్‌హెచ్ ద్వారా, అంటే టెర్మినల్ నుంచి దూరంలోని మరో కంప్యూటర్‌లోకి, మామూలుగా లాగిన్ అయితే డిస్‌ప్లే ఉండదు, విండో రాదు. అక్కడ విప్‌టెయిల్ (whiptail) వాడండి, టెర్మినల్‌లోనే పెట్టెలు గీస్తుంది. అయితే అది జవాబును స్టాండర్డ్ ఎర్రర్‌లోకి (లోపాల సందేశాలు వెళ్లే దారిలోకి) పంపుతుంది. వేరియబుల్‌లోకి తెచ్చుకోవాలంటే 3>&1 1>&2 2>&3 అని చివర చేర్చాలి.