ప్రకాశం అనే ఊరు లేకుండానే ప్రకాశం జిల్లాకు ఆ పేరు ఎలా వచ్చింది?

ఆ పేరు ఊరిది కాదు, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుది. జిల్లా కేంద్రం మొదటి నుంచీ ఒంగోలే.

1970 ఫిబ్రవరి 2న జిల్లా ఏర్పడినప్పుడు దాని పేరు ఒంగోలు జిల్లా. గుంటూరు నుంచి ఒంగోలు, చీరాల వైపు ప్రాంతం, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తెచ్చి కలిపారు. ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం గారి గౌరవార్థం 1972లో పేరు మార్చారు. మారింది జిల్లా పేరే కాబట్టి ఊరికి, రైల్వే స్టేషనుకు ఒంగోలు పేరే ఉండిపోయింది. పక్కన నెల్లూరు సంగతీ అంతే: 2008లో జిల్లా శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది, నగరం మాత్రం నెల్లూరే.

చాలామంది పొరబడేది ఇంటిపేరు దగ్గర. టంగుటూరు ఈ జిల్లాలోనే ఉంది కనుక ఆయన అక్కడే పుట్టారనుకుంటారు. అది ఇంటిపేరు మాత్రమే. ప్రకాశం బ్యారేజీ కూడా ఈ జిల్లాలోది కాదు, విజయవాడ దగ్గర కృష్ణానది మీద ఉంది.