పాఠకుల ప్రశ్నలు: పన్నెండేళ్ల పిచర్ రోజుకెన్ని బంతులు వేయొచ్చు?

మా బాబుకి పన్నెండేళ్లు. బేస్‌బాల్‌లో పిచింగంటే, అంటే బ్యాటరుకు బంతి విసరడమంటే ప్రాణం. పొద్దున మైదానంలో, సాయంత్రం అపార్ట్‌మెంట్ గోడకు కలిపి రోజూ నూటయాభై బంతుల దాకా విసురుతాడు. నెలరోజులుగా మోచెయ్యి లోపలివైపు నొప్పంటున్నాడు. పెద్దయ్యాక ప్రొఫెషనల్ అవ్వాలని వాడి కోరిక. సాధన తగ్గిస్తే వెనకబడతాడేమో? – ఒక తల్లి, మల్కాజిగిరి

సాధన సంగతి తర్వాత చూద్దామమ్మా. ఈరోజు నుంచే బంతి విసరడం ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి. క్రీడా గాయాలు చూసేవారైతే మరీ మంచిది. ఈ వయసులో మోచేతి లోపలి ఎముక ఎదిగేచోట ఇంకా మృదులాస్థే ఉంటుంది. బంతి విసిరిన ప్రతిసారీ అక్కడ అతుక్కున్న కండరాలు, లిగమెంటు దాన్ని లాగుతాయి. విశ్రాంతి లేకుండా లాగుతూ పోతే వాచిపోతుంది, ఒక్కోసారి ఎముక నుంచి విడివడుతుంది కూడా. దీన్నే లిటిల్ లీగ్ ఎల్బో అంటారు. నొప్పి మాత్ర వేసి, క్రేప్ బ్యాండేజీ చుట్టి మైదానానికి పంపకండి. మాత్రతో నొప్పి తెలియదంతే, లాగుడు అలాగే ఉంటుంది.

డాక్టరు సరేనన్నాక 30 అడుగుల దూరం నుంచి, రోజు విడిచి రోజు, తేలిగ్గా విసరడంతో మళ్లీ మొదలుపెట్టాలి. ఆపైన లెక్క తప్పకూడదు. అమెరికాలోని అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్ మేజర్ లీగ్ బేస్‌బాల్, అక్కడి జాతీయ సంస్థ యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి రూపొందించిన పిచ్ స్మార్ట్ నియమాల ప్రకారం 11–12 ఏళ్లవారు మ్యాచ్ రోజున 85 బంతులు మించకూడదు. 20 వరకు వేస్తే విరామం అక్కర్లేదు. 21–35 వేస్తే ఒకరోజు, 36–50కి రెండు, 51–65కి మూడు, 66, ఆపైన వేస్తే నాలుగు రోజులు పిచింగ్ బంద్. పిచింగ్ చేసిన మ్యాచ్‌లోనే బ్యాటరు వెనక బంతి పట్టే క్యాచర్‌గానూ నిలబెట్టకూడదు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడం మానాలి, అందులో రెండు మూడు నెలలు వరుసగా ఉండాలి. హైదరాబాద్ ఎండల్లో ఏప్రిల్, మే, జూన్ ఇందుకు సరిపోతాయి. ఈతకో ఫుట్‌బాల్‌కో పంపండి. గోడకు కొట్టిన బంతులు, గల్లీ క్రికెట్‌లో బౌండరీ నుంచి విసిరినవి కూడా చేతికి భారమే. ఒక నోటుబుక్కులో రోజూ రాయించండి.

దూరం కూడా కొలవండి. పన్నెండేళ్ల వరకు పిల్లలకు పిచర్ పలక నుంచి, బ్యాటరు పక్కన నిలబడే హోమ్ ప్లేటుకు 46 అడుగులు చాలు. పెద్దల దూరం 60 అడుగుల 6 అంగుళాలు. అంతదూరం నుంచి వేయిస్తే, బంతి చేరాలన్న ఆత్రంలో ఒంటి బలమంతా భుజం మీద పడేస్తారు. అలసిన పిల్లాడి మోచెయ్యి భుజం ఎత్తుకంటే కిందికి జారుతుంది. అది కనిపించిన క్షణమే ఆపించాలి, లెక్క ఇంకా మిగిలున్నా సరే.

గాల్లో వంపు తిరిగే కర్వ్‌బాల్‌కు తొందర లేదు. ముందు నేరుగా వేగంగా వెళ్లే ఫోర్-సీమ్ ఫాస్ట్‌బాల్, అలాగే విసిరినా నెమ్మదిగా వెళ్లే చేంజప్ కుదరాలి. ఫోర్-సీమ్‌కి బంతి మీద గుర్రపునాడాలా వంగిన కుట్టు చూసి, చూపుడు, మధ్య వేళ్ల కొసల్ని దానికి అడ్డంగా ఆనించాలి. బొటనవేలు సరిగ్గా కింద ఉండాలి. బంతికీ అరచేతికీ మధ్య కొంచెం సందు కనిపించాలి. చాలామంది పిల్లలు అరచేతిలోకి కుక్కేసి పడతారు, వేగం అక్కడే పోతుంది.

నాకు పదిహేనేళ్లు, ఫాస్ట్ బౌలర్‌ని. అమెరికాలో బేస్‌బాల్ ఆడే దారి ఉందా? – ఉప్పల్

ఉంది, ఇరుకైనదే. 2008లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ మేజర్ లీగ్ క్లబ్బు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ అప్పటిదాకా జావెలిన్ విసిరినవాళ్లు. ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ దాకా వెళ్లలేదు. నీ బౌలింగ్ వేగం నేరుగా పనికిరాదు బాబూ. బౌలింగ్‌లో చెయ్యి చాచి వేస్తావు, పిచింగ్‌లో మోచెయ్యి వంచి విదిలిస్తావు. బౌండరీ నుంచి నీ త్రో ఎంత బలంగా వస్తుందో అదే నీ అసలు కొలత.

అమెరికా, కెనడా, ప్యూర్టోరికో బయటివారిని క్లబ్బులు పదహారేళ్లకే తీసుకోవచ్చు. ఆ సంతకాల కాలం ఏటా జనవరి 15న మొదలవుతుంది. వయసు విషయంలో గట్టిగా ఆరా తీస్తారు. నీ బర్త్ సర్టిఫికెట్, పదో తరగతి మెమో, పాస్‌పోర్టుల్లో పేరు, పుట్టినతేదీ అక్షరం తేడా లేకుండా ఉండేలా ఇప్పుడే సరిచేయించుకో. రెండో దారి అక్కడి కాలేజీలో చదువుతూ ఆడడం. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది తర్వాతో, 21 నిండాకో డ్రాఫ్ట్‌కు, అంటే క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతికి అర్హత వస్తుంది. ఒప్పందం కుదిరినా మొదట మేజర్ లీగ్ కింది స్థాయి మైనర్ లీగులే. మైనర్ లీగ్ ఆటగాళ్ల 2023 ఉమ్మడి ఒప్పందంలో, వాటిలో పైనుంచి రెండోదైన డబుల్-ఏ స్థాయి కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు. కాబట్టి ఇంటర్ చదువు వదలొద్దు. డిగ్రీతో కూడిన కాలేజీ దారే నీకు మేలని మా అభిప్రాయం.

మా పాప కుడిచేత్తో విసురుతుంది. గ్లవ్ ఏ చేతిది కొనాలి? – తార్నాక

ఎడమచేతికి తొడిగేది. ఆన్‌లైన్‌లో రైట్ హ్యాండ్ త్రో అని రాసి ఉన్నదే మీకు కావాల్సింది. దాన్ని కుడిచేతి గ్లవ్ అనుకుని మార్చి తెప్పించుకునేవాళ్లు చాలామంది. పదేళ్ల పాపకు 11 అంగుళాలు సరిపోతుంది. కొత్త తోలు గట్టిగా ఉంటే నీళ్లలో నానబెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. రాత్రి లోపల బంతి పెట్టి తాడుతో కట్టి ఉంచండి, పగలు దాంతో క్యాచ్‌లు పట్టించండి.