బెంటో బాక్సులో సాంబారు వద్దండీ

మూడు గళ్ల బెంటో లంచ్ బాక్సు కొన్నా సాంబారు పక్క గడిలోకి కారుతోందని, యూకేజీ బాబు ఏమీ తినకుండా తెస్తున్నాడని రాశారు కదండీ. అలాంటి చాలా బాక్సుల్లో మూత అంచు చుట్టూనే రబ్బరు ఉంటుంది, గడుల మధ్య ఉండదు, అందుకే జారుగా ఉండేవి పెట్టకూడదు. బటన్ ఇడ్లీలకు నెయ్యి, కారప్పొడి పట్టించి పెట్టేయండి. పులిహోర అయితే పళ్లెంలో ఆరబెట్టాకే సర్దండి, వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై పక్కనున్న వడియాలు మెత్తబడిపోతాయి. పెరుగన్నం కావాలంటే మరీ జారుగా కాకుండా పాలు పోసి ఒక్క చెంచా పెరుగే కలపండి, లంచ్ టైముకి తోడుకుంటుంది, పుల్లబడదు. యాపిల్ ముక్కలు కాసేపు ఉప్పు నీళ్లలో వేసి తీస్తే అంత త్వరగా రంగు మారవు. ద్రాక్ష మాత్రం ఆ వయసుకి నిలువునా కోసే పెట్టాలి, గుండ్రంగా ఉంటే గొంతుకి అడ్డం పడతాయి. పువ్వులు, ఎలుగుబంట్లు అంటూ పొద్దున్నే కట్టర్లతో కుస్తీ ఎందుకండీ (ఫొటోలకి బాగుంటాయి లెండి), దోసెను చుట్టి అంగుళం ముక్కలు కోసి నిలబెడితే చాలు, పిల్లలు ఒక్కొక్కటీ తీసుకుని తినేస్తారు. అన్నట్టు, ఆ మూత బాబు తనంతట తాను తీయగలుగుతున్నాడా? ఇంట్లో ఓసారి తీయించి చూడండి.