పాఠకుల ప్రశ్నలు: ఫ్రెడీ మెర్క్యురీ వదిలి వెళ్లిన గొంతు

బ్రిటన్‌కు చెందిన రాక్ సంగీత బృందం క్వీన్‌లో గాయకుడైన ఫ్రెడీ మెర్క్యురీ మీద గత సంచికలో రాసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఆయన జీవించి ఉన్నప్పటి పాటల గురించి కాక, 1991 నవంబరు 24న ఎయిడ్స్‌తో ఆయన కన్నుమూసిన తరువాత వెలువడిన పాటల గురించే ఉండటం నాకు సంతోషం కలిగించింది. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వాటిని కలిపి సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: ఫ్రెడీ చివరి ఆల్బమ్ ‘ఇన్యూఎండో’ అని నేను, ‘మేడ్ ఇన్ హెవెన్’ అని మా అన్నయ్య వాదించుకుంటున్నాం. ఎవరి మాట సరైనది?
— ఒక పాఠకుడు, గుంటూరు

ఫ్రెడీ స్వయంగా పూర్తి చేసి, తన కళ్లతో చూసుకున్న చివరి క్వీన్ ఆల్బమ్ ‘ఇన్యూఎండో’. అది 1991 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆయన గొంతుతో, నలుగురు సభ్యుల పేరు మీద వచ్చిన చివరి కొత్త ఆల్బమ్ మాత్రం 1995 నవంబరులో వచ్చిన ‘మేడ్ ఇన్ హెవెన్’. అందువల్ల మీ వాదన నిజానికి సంవత్సరాల గురించి కాదు, ఒక ఆల్బమ్‌ను గాయకుడిది అని ఎప్పుడు అనవచ్చు అన్న దాని గురించి. నన్ను ఒక్కటే చెప్పమంటే మీ పక్షమే వహిస్తాను. అయితే మీ అన్నయ్యగారి ఆల్బమ్‌లో ఫ్రెడీ పాడిన ఆఖరి గీతం ఉన్నదని మరిచిపోకండి.

ప్రశ్న: నేను కర్ణాటక సంగీతం నేర్పుతాను. మా విద్యార్థి ఒకరు వినిపించగా ఈ గాయకుడిని మొదటిసారి విన్నాను. అంత జబ్బులో ఉన్న మనిషికి తారస్థాయిలో అంత నిండైన నాదం ఎలా సాధ్యమైంది? రికార్డింగులో ఏదైనా సవరించారా?
— ఒక సంగీత ఉపాధ్యాయురాలు, విజయనగరం

మీరు విన్నది ‘ద షో మస్ట్ గో ఆన్’ అయి ఉంటుందని అనుకుంటున్నాను. ‘ఇన్యూఎండో’లో చివరి పాట అది. ఆ బాణీలో ఎత్తైన స్వరాలున్న భాగాన్ని గిటారిస్టు బ్రయన్ మే తన సన్నని దొంగగొంతుతో నమూనాగా పాడి ఉంచి, ఫ్రెడీ ఉన్న స్థితిలో దానిని అందుకోగలడా అని సందేహించాడట. ఫ్రెడీ కొంచెం వోడ్కా తాగి, ఒక్క ఊపులో పాడి ముగించాడని బ్రయన్ మే పలు సందర్భాలలో చెప్పాడు. పాటను సాంకేతికంగా నిలబెట్టింది యంత్రం కాదు, ఆయన గొంతే.

సంగీతం నేర్పేవారు కాబట్టి మీకు మరొక విషయం చెప్పాలనిపిస్తున్నది. నడక కష్టమై, శరీరం శుష్కించిన దశలో కూడా ఆయనలో ముందుగా తగ్గింది గొంతు కాదు, ఎక్కువసేపు నిలబడగలిగే శక్తి. అందుకే చివరి నెలల్లో బృందం పని చేసే పద్ధతే మారిపోయింది. స్విట్జర్లాండులోని మాంట్రూ పట్టణంలో, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మౌంటెన్ స్టూడియోస్‌లో ఆయన ఓపిక ఉన్న రోజున, ఉన్నంతసేపు పాడేవాడు. పాట మొత్తం సిద్ధమయ్యే దాకా ఆగితే గొంతు దక్కకపోవచ్చు కనుక, ముందు గాత్రాన్ని భద్రపరచి, వాయిద్యాలను తరువాతికి వదిలివేశారు. ఇంటి యజమాని చేతి గుర్తులున్న స్తంభాలను ముందు నిలిపి, పైకప్పు తరువాత వేసుకున్నట్లు సాగింది ఆ పని.

ప్రశ్న: ‘మేడ్ ఇన్ హెవెన్’ అతుకుల బొంత అని, చనిపోయిన మనిషి పేరుతో చేసుకున్న వ్యాపారమని ఒక మిత్రుడు గట్టిగా అన్నాడు. నాకేమో ఆ ఆల్బమ్ అంటే ప్రాణం. అతనికి ఏమని బదులు చెప్పాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

అతుకుల బొంత అన్న మాటను నేను కాదనను. బొంత అన్నంత మాత్రాన అది తక్కువదన్న అభిప్రాయాన్ని మాత్రం అంగీకరించను. ఆ ఆల్బమ్‌లోని ముక్కలు ఎక్కడివో ఒకసారి చూడండి. ‘ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే’ 1980లో ఫ్రెడీ పియానో ముందు కూర్చుని అప్పటికప్పుడు పాడుకున్న చిన్న ఆలోచన. ‘మేడ్ ఇన్ హెవెన్’, ‘ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ’ అన్న రెండు పాటలు 1985 నాటి ఆయన సొంత ఆల్బమ్ ‘మిస్టర్ బ్యాడ్ గై’ నుంచి తీసుకున్నవి. ఆ గాత్రాన్ని అలాగే ఉంచి, చుట్టూ గిటారు, డ్రమ్స్ కొత్తగా వాయించారు. ‘హెవెన్ ఫర్ ఎవ్రీవన్’ డ్రమ్మర్ రోజర్ టేలర్ నడిపిన మరో బృందం కోసం పుట్టింది. ‘మై లైఫ్ హ్యాజ్ బీన్ సేవ్డ్’ 1989లో ఒక సింగిల్‌కు, అంటే ఒక పాటను విడిగా విడుదల చేసే చిన్న రికార్డుకు, రెండో వైపు వచ్చి మరుగున పడిపోయింది. ఇవన్నీ పాత చీరల ముక్కలే.

కానీ మూడు పాటలు అలాంటివి కావు. ‘ఎ వింటర్స్ టేల్’ మాంట్రూ సరస్సును చూస్తూ ఫ్రెడీ తానొక్కడే రాసుకున్న చివరి పాట. ‘యూ డోంట్ ఫూల్ మీ’ గురించి కింద మరో ప్రశ్నకు చెబుతాను. మూడవది ‘మదర్ లవ్’. మీ మిత్రుడికి ఈ ఒక్క పాట వినిపించండి. 1991 మే నెలలో బ్రయన్ మే, ఫ్రెడీ కలిసి ఒక్కొక్క పంక్తి రాసుకుంటూ, రాసిన పంక్తిని అప్పటికప్పుడు డ్రమ్ యంత్రం తాళానికి పాడుతూ రికార్డు చేశారు. చివరి చరణం దగ్గరకు వచ్చేసరికి తనకు విశ్రాంతి కావాలని, తిరిగి వచ్చి పూర్తి చేస్తానని ఫ్రెడీ వెళ్లాడు. ఆయన మళ్లీ రాలేదు. కొన్నేళ్ల తరువాత ఆ చరణాన్ని బ్రయన్ మే పాడాడు.

ఇక్కడే ఆ ఆల్బమ్ నిజాయితీ నాకు కనిపిస్తుంది. మరెక్కడి నుంచో ఫ్రెడీ పలుకులు తెచ్చి అతికించి, ఆయనే పాట ముగించాడని నమ్మించే ప్రయత్నం వారు చేయలేదు. ఒక గొంతు ఆగిపోయి, మరొక గొంతు అందుకోవడం వినేవారికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ తరువాత లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో 1986లో జరిగిన కచేరీలో ఆయన ఆలాపనకు బదులు పలికిన జనం హోరు, ఆయన యువకుడిగా ఉన్నప్పటి ఒక పాత రికార్డింగు తునక, చివరికి ఒక పసిబిడ్డ ఏడుపు వస్తాయి. అంటే పాట కాలంలో వెనక్కి నడుస్తుంది. వ్యాపారం కోసమే చేసినవారు ఆ అతుకును దాచేవారు.

తన గొంతును మిగిలినవారు పూర్తి చేస్తారని తెలిసే ఫ్రెడీ ఆ పాటలు పాడాడన్నది మరో ముఖ్యమైన సంగతి. మరణానంతరం వచ్చే పాటలన్నిటినీ తూచడానికి నేను వాడే తక్కెడ ఇదే: ఆయన ఇచ్చి వెళ్లినదా, ఆయన దగ్గర నుంచి తీసుకున్నదా?

ప్రశ్న: 1993లో మా కళాశాల వసతిగృహంలో ‘లివింగ్ ఆన్ మై ఓన్’ మారుమోగేది. అది ఫ్రెడీ పాట కాదని, ఎవరో చేసిన రీమిక్స్ అని ఈ మధ్య తెలిసి మనసు చివుక్కుమంది. అసలు కథ ఏమిటి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

పాట ఆయనదే, గొంతు ఆయనదే. మీరు విన్న రూపం మాత్రం ఆయన చేసినది కాదు. ‘మిస్టర్ బ్యాడ్ గై’లో ఉన్న ఈ పాట 1985లో సింగిల్‌గా వచ్చినప్పుడు బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో 50వ స్థానం దగ్గరే ఆగిపోయింది. ఆయన మరణం తరువాత నో మోర్ బ్రదర్స్ అనే బెల్జియం బృందం దానికి క్లబ్బుల్లో నాట్యానికి తగిన లయను కూర్చగా, 1993 ఆగస్టులో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరి రెండు వారాలు నిలిచింది. దానికి వాడిన దృశ్యాలు 1985లో మ్యూనిక్ నగరంలో జరిగిన ఆయన 39వ పుట్టినరోజు వేడుకలో చిత్రించినవి.

దయచేసి అసలు రూపాన్ని కూడా వినండి. అందులో ఫ్రెడీ అర్థం లేని అక్షరాలతో జాజ్ గాయకుల మాదిరిగా విరుపులు వేస్తూ పాడే భాగం, దానితో పోటీపడే పియానో ఉన్నాయి. జనం మధ్య ఉండి కూడా ఒంటరిగా మిగిలిన మనిషి తనను తాను నవ్వించుకోవడానికి చేసే విన్యాసంలా ఉంటుంది అది. రీమిక్స్‌లో లయ ఎంత బలంగా నడుస్తుందంటే, ఆ ఒంటరితనం దాని కింద నలిగిపోతుంది. నాకు అసలు రూపమే ఇష్టం. అయినా రీమిక్స్ చేసినవారిని తప్పు పట్టలేను, ఎందుకంటే వారు గొంతును మార్చలేదు, కొత్త మాట పలికించలేదు, పాత రూపాన్ని చెరిపివేయలేదు. మీ వసతిగృహానికి ఆ పాటను మోసుకొచ్చింది కూడా వారే. చివుక్కుమనవలసిన అవసరం లేదు.

ప్రశ్న: ‘యూ డోంట్ ఫూల్ మీ’కి ఎన్ని రీమిక్స్‌లు ఉన్నాయో లెక్క తెలియడం లేదు. ఆల్బమ్‌లోనిదే అసలు రూపమా?
— ఒక పాఠకుడు, చెన్నై

ఆ పాటకు అసలు రూపం అన్న మాటే పూర్తిగా పొసగదు. ఫ్రెడీ పాడి ఉంచిన కొన్ని తునకలు తప్ప అక్కడ పాట అంటూ లేదు. మాంట్రూలో వారితో పనిచేసిన నిర్మాత డేవిడ్ రిచర్డ్స్ ఆ తునకలను పేర్చి ఒక నిర్మాణం తయారు చేస్తే, మిగిలిన ముగ్గురు దాని మీద వాయించారు. ఒక విధంగా ఆల్బమ్‌లో ఉన్నది కూడా రీమిక్స్ పద్ధతిలో పుట్టినదే. 1996లో సింగిల్‌గా వచ్చినప్పుడు నాట్యశాలల కోసం రకరకాల రూపాలు వెలువడటానికి ఆ స్వభావమే తోడ్పడింది. బాస్ గిటారు నడక కోసం నేను ఆల్బమ్ రూపానికే తిరిగి వెళుతుంటాను. బృందంలో బాస్ వాయించిన జాన్ డీకన్ ఆ తరువాత కొద్ది కాలానికే సంగీతరంగం నుంచి తప్పుకున్నాడని తలచుకుంటే ఆ నడక మరింత విలువైనదిగా తోస్తుంది.

ప్రశ్న: ‘బార్సిలోనా’ ఆల్బమ్‌లో కృత్రిమ వాద్యధ్వనులను తీసివేసి అసలైన వాద్యబృందంతో మళ్లీ విడుదల చేశారట. కళాకారుడు మెచ్చి విడుదల చేసినదాన్ని అలా మార్చడం న్యాయమేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

స్పెయిన్‌కు చెందిన ఒపెరా గాయని మోన్సెరా కబాయేతో కలిసి ఫ్రెడీ 1988లో చేసిన ఆల్బమ్ అది. అప్పుడు వాద్యబృందం స్థానంలో చాలా వరకు సింథసైజర్లనే వాడారు. 2012లో ఇద్దరి గాత్రాలను అలాగే ఉంచి, ప్రాగ్ నగరపు వాద్యకారులతో అంతా మళ్లీ వాయింపించారు. నేను రెండు రూపాలనూ పలుమార్లు విన్నాను. కబాయే గొంతులోని గాంభీర్యానికి తగిన వేదిక కొత్త రూపంలోనే దొరికిందని నా అభిప్రాయం. 1988 రూపం ఇప్పటికీ దొరుకుతున్నంత కాలం ఇందులో అన్యాయమేమీ లేదు.

దీనికి వ్యతిరేక దిశలో జరిగిన పని కూడా ఒకటి ఉంది. 1986లో ఒక సంగీత నాటకం కోసం ఫ్రెడీ పాడిన ‘టైమ్’ అనే పాటకు బృందగాత్రాలు, వాయిద్యాలు పొరలు పొరలుగా చేర్చారు. 2019లో ఆ పొరలన్నీ తొలగించి, పియానో, ఒక్క గొంతు మాత్రమే మిగిల్చి విడుదల చేశారు. ఊపిరి తీసుకున్న చోటు కూడా వినిపిస్తుంది. చేర్చడం కన్నా తీసివేయడమే గొప్ప రీమిక్స్ అయిన సందర్భం అది.

ప్రశ్న: కృత్రిమ మేధతో ఫ్రెడీ గొంతును సృష్టించి కొత్త పాటలు పాడిస్తే మీరు వింటారా?
— ఒక విద్యార్థి, తిరుపతి

వినను. ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి గొంతును అనుమతి లేకుండా ఒక తెలుగు సినిమాలో కృత్రిమంగా వాడారంటూ ఆయన కుమారుడు నోటీసు పంపిన సంగతి 2024లో మనమంతా చదివాం. అదే సంవత్సరం ఎ.ఆర్. రెహమాన్ కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతులను వారి కుటుంబాల అనుమతి, ప్రతిఫలం తోనే ఒక తమిళ పాటలో వాడారు. చట్టం దృష్టిలో ఈ రెండింటికీ ఎంతో తేడా ఉంది, ఆ తేడా అవసరమైనది కూడా. అయినా నా చెవికి ఒక లోటు మిగిలే ఉంటుంది.

2022లో విడుదలైన ‘ఫేస్ ఇట్ అలోన్’ను దీని పక్కన పెట్టి చూడండి. 1988 నాటి రికార్డింగులలో అసంపూర్ణంగా మిగిలిన పాట అది. శ్రమపడి దాన్ని శుభ్రం చేసి కూర్చారు. అందులో యంత్రాల సాయం ఉండవచ్చు, కానీ ఆ పదాన్ని పలికిన క్షణంలో మైకు ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ‘మదర్ లవ్’ చివరి చరణాన్ని నేడు యంత్రం చేత ఫ్రెడీ గొంతుతో పూర్తి చేయించడం కష్టమేమీ కాదు. అలా చేస్తే, తిరిగి వస్తానని చెప్పి రాలేకపోయిన మనిషి కథ ఆ పాట నుంచి మాయమవుతుంది.

ప్రశ్న: ఫ్రెడీ మన దేశస్థుడని చెప్పుకోవచ్చా? ఆయన వారసత్వంలో మనకు ఏమైనా భాగం ఉందా?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జాంజిబార్‌లో 1946 సెప్టెంబరు 5న పార్సీ కుటుంబంలో పుట్టిన ఫరోఖ్ బుల్సారా ఆయన. మహారాష్ట్రలోని పంచగని పాఠశాలలో చదివి, అక్కడే పియానో సాధన చేసి, ‘ద హెక్టిక్స్’ అనే తొలి బృందంలో వాయించాడు. 1964లో కుటుంబం ఇంగ్లండు చేరింది. అంత్యక్రియలు జరథుస్త్ర మత పద్ధతిలో జరిగాయి. బాల్యంలో ఒక ముఖ్యమైన భాగం మన దేశంలో గడిచిందని చెప్పుకోవచ్చు, అంతకు మించి సొంతం చేసుకోనక్కరలేదు.

వారసత్వం గురించి అడిగారు కనుక పాటలకు వెలుపలి విషయం ఒకటి. తనకు ఎయిడ్స్ ఉన్నదన్న ప్రకటన ఆయన మరణానికి ముందురోజే వెలువడింది. ఆ డిసెంబరులో మళ్లీ విడుదలైన ‘బొహీమియన్ రాప్సడీ’ సింగిల్ రాబడిని ఎయిడ్స్ బాధితుల కోసం పనిచేసే సంస్థకు ఇచ్చారు. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీలో జరిగిన నివాళి కచేరీకి సుమారు 72,000 మంది వచ్చారు. ఆ సొమ్ముతో మొదలైన మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు నేటికీ పనిచేస్తున్నది. ఆ జబ్బు పేరును మన ఊళ్లలో కూడా గుసగుసగా పలికిన రోజులవి.

ప్రశ్న: నాకు ‘లివింగ్ ఆన్ మై ఓన్’ రీమిక్స్ ఒక్కటి తప్ప ఫ్రెడీ పాటలేవీ తెలియవు. చివరి పాటలు ఏ వరుసలో వినమంటారు?
— ఒక పాఠకుడు, కాకినాడ

ముందుగా 1985 నాటి ‘లివింగ్ ఆన్ మై ఓన్’ వినండి. తరువాత ‘ఇన్యూఎండో’ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా మధ్యలో లేవకుండా ఒకేసారి కూర్చుని వినండి. అందులోని ‘దీజ్ ఆర్ ద డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’కు 1991 మే నెలలో తీసిన నలుపు తెలుపు దృశ్యాన్ని కూడా చూడండి. ఆయన కెమెరా ముందు పాటకు నిలబడటం అదే చివరిసారి. ఒకటి రెండు రోజులు ఆగి ‘ఎ వింటర్స్ టేల్’, ఆ తరువాత రాత్రివేళ, చుట్టూ చప్పుడు లేనప్పుడు ‘మదర్ లవ్’. గొంతు మారే చోటు వచ్చినప్పుడు మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.