ముందు ప్రొపెల్లర్, తర్వాతే మోటారు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు మోటార్ల ఫొటోలు, నువ్వు చేయబోయే నమూనా టగ్గు (పెద్ద ఓడలను లాగే, నెట్టే పడవ) డ్రాయింగు చూశాను. డ్రాయింగుకు వంక పెట్టను. మోటార్లలో రెండింటిని కొట్టేశాను, మూడోదాని మీద ఇంకా మనసు విరగలేదు. డ్రోన్లకు వాడే ఆ బుల్లి మోటారు మీద 800 వాట్లని రాసి ఉందని నువ్వు మురిసిపోతున్నట్టున్నావు. నీ టగ్గుకు అందులో పదో వంతు చాలు. కాగితం, పెన్సిలు తెచ్చుకో, లెక్క చూపిస్తాను.

అసలు టగ్గు ఏం చేస్తుందో ముందు తెలియాలి. విశాఖ లోపలి హార్బరుకు వెళ్లే కాలువ ఇరుకైనది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా పెద్ద ఓడ వస్తున్నప్పుడు టగ్గులు దాన్ని కనిపెట్టుకుని ఉంటాయి. ఇంజన్ గదిలో నేను గడిపిన ఉద్యోగమంతా ఇదే తీరు: ప్రొపెల్లర్ పూర్తి బలంతో నీళ్లను తన్నుతూ ఉంటుంది, టగ్గు మాత్రం ఓడ పక్కకు ఆనుకుని దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అందుకే టగ్గు గొప్పతనాన్ని వేగంతో చెప్పరు, బొలార్డ్ పుల్‌తో చెబుతారు. జెట్టీ మీది ఇనుప దిమ్మకు తాడు కట్టి, ఇంజన్లను పూర్తిగా నడిపించి, తాడు మీద ఎన్ని టన్నుల లాగుడు పడిందో చూస్తారు. నీ మోటారును కూడా ఆ పరీక్షకు నిలిచేదిగానే ఎంచుకోవాలి.

నీ డ్రాయింగు 1:24. అసలు టగ్గు 30 మీటర్లయితే నీది 125 సెంటీమీటర్లు. బరువు, లాగే బలం స్కేలు ఘనం ప్రకారం తగ్గుతాయి. 24 ఘనం 13,824. 500 టన్నుల టగ్గు నీ దగ్గర 36 కిలోలు అవుతుంది, 50 టన్నుల లాగుడు 3.6 కిలోలు. వేగం వర్గమూలం ప్రకారం తగ్గుతుంది. 24 వర్గమూలం 4.9 కాబట్టి 12 నాట్లు కాస్తా రెండున్నర నాట్లకు దిగుతుంది, అంటే నువ్వు గట్టు మీద మామూలుగా నడిచే వేగం. ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు, అంటే షాఫ్టు దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది, చుట్లు అదే 4.9 రెట్లు పెరుగుతాయి. అసలు ప్రొపెల్లర్ నిమిషానికి 240 చుట్లు తిరిగితే నీది 1,200కు కాస్త తక్కువగా తిరగాలి. ఇక శక్తి. రెండు ఇంజన్లూ కలిపి 3,000 కిలోవాట్లు అనుకుందాం. దాన్ని 13,824తో, మళ్లీ 4.9తో భాగిస్తే 44 వాట్లు వస్తాయి. చిన్న ప్రొపెల్లర్ పెద్దదాని అంత పొదుపుగా పని చేయదు కనుక 60 వేసుకో. షాఫ్టుకు 30 వాట్లు.

2.4 మీటర్ల ప్రొపెల్లర్ నీకు 100 మిల్లీమీటర్లు అవుతుంది. దాన్ని తగ్గించవద్దు. ప్రొపెల్లర్ తినే శక్తి చుట్ల ఘనంతోను, వ్యాసం ఐదో ఘాతంతోను పెరుగుతుంది. ఒకే వేగంలో 80 మిల్లీమీటర్లది తీసి 100ది పెడితే మోటారు మీద భారం మూడు రెట్లు దాటుతుంది. అంతంత తేడా ఉన్నప్పుడు మోటారు ముందు కొని ప్రొపెల్లర్ తర్వాత వెతుక్కోవడం తలకిందుల వ్యవహారం. పైగా నీది నాజిల్ ఉన్న టగ్గు, అంటే ప్రొపెల్లర్ చుట్టూ గొట్టం ఉంటుంది. జర్మనీకి చెందిన లుడ్విగ్ కోర్ట్ పేరుతో పిలిచే ఆ గొట్టం తక్కువ వేగంలో లాగుడును బాగా పెంచుతుంది, అయితే రెక్కల కొసకూ గొట్టం గోడకూ మధ్య సందు సన్నగా ఉండాలి. మోటారు కోసం ప్రొపెల్లర్‌ను చిన్నది చేస్తే నాజిల్ అలంకారంగా మిగులుతుంది.

ఇప్పుడు మీ డ్రోన్ మోటారు సంగతి. దాని మీద 1,400 కేవీ అని ఉంది. అది కిలోవోల్టు కాదు, వోల్టుకు 1,400 చుట్లని అర్థం. 12 వోల్టులకు 16,800 చుట్లు! మనకు కావలసింది 1,200. నేరుగా షాఫ్టుకు బిగిస్తే ఆ వేగాన్ని అందుకోవాలని ఆంపియర్లు గుంజుతూనే ఉంటుంది, ముందు మోటారు వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్ పోతుంది, లేదా తనే పోతుంది. రెండో ఫొటోలోది కారు వైపర్ మోటారు. బలం ఉంది, కానీ లోపలి గేర్ల వల్ల నిమిషానికి యాభై, అరవై చుట్ల దగ్గరే ఆగిపోతుంది. తక్కువ ధరకు వస్తుందని చాలామంది దాన్నే చెబుతారు, వినకు.

మోటారు తన ఖాళీ వేగంలో (ఏ భారం లేనప్పుడు తిరిగే వేగంలో) నాలుగింట మూడు వంతుల దగ్గర పని చేస్తుంటే సుఖంగా ఉంటుంది. సగానికి దిగితే బరువు ఎక్కువే లాగుతుంది, కానీ ఇచ్చిన కరెంటులో సగం వేడిగా పోతుంది. కాబట్టి షాఫ్టు దగ్గర 1,200 కావాలంటే ఖాళీ వేగం 1,600 ఉండాలి. నేరుగా బిగించాలంటే 130 కేవీ దగ్గరిది కావాలి. అది దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. నా ఓటు బెల్టుకే. లోడు లారీ ఘాట్ రోడ్డులో ఫస్టు గేరులో ఎక్కినట్టు, మోటారు వేగంగా తిరిగి షాఫ్టు నిదానంగా తిరగాలి. త్రీడీ ప్రింటర్లలో వాడే జీటీ2 పళ్ల బెల్టు, 20 పళ్ల చక్రం, 60 పళ్ల చక్రం తీసుకో. మూడింటికి ఒకటి. అప్పుడు 12 వోల్టులకు 4,800 చుట్లు తిరిగే బ్రష్ మోటారు (తిరిగే భాగానికి బ్రష్‌లనే కార్బన్ ముక్కలు కరెంటు అందించేది) చాలు. 775 సైజులో రకరకాల వేగాలవి అమ్ముతారు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగేటప్పుడు వాట్లు అడగకు, 12 వోల్టుల దగ్గర చుట్లు ఎన్నని అడుగు. రెండూ ఒకేసారి, ఒకే రకం కొను. బేరింగులు రాణీగంజ్‌లో చూడు.

మూడో ఫొటోలోది కారు రేడియేటర్ ఫ్యాన్ మోటారు. చప్పుడు తక్కువ, బరువు ఎక్కువ. 36 కిలోల పడవలో ఎలాగూ బరువులు నింపాలి కనుక ఆ బరువు నీకు లాభమే. ఒక అనుమానం మాత్రం తీర్చుకోవాలి. ఫ్యాన్ ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది కనుక కొన్నింటిలో బ్రష్‌లను ఆ వైపుకే అనుకూలంగా కాస్త జరిపి పెడతారు. 12 వోల్టులిచ్చి, ఏమీ తగిలించకుండా, రెండు వైపులా తిప్పి చూడు. ఆంపియర్లలోనో చప్పుడులోనో తేడా బాగా తెలిస్తే వదిలేయి. టగ్గు పనిలో సగం వెనక్కి లాగడమే.

బ్రష్‌లెస్ వద్దా అని అడుగుతావు. తిరిగే భాగం ఎక్కడుందో చెప్పే సెన్సార్లు ఉన్నది, కేవీ తక్కువున్నది అయితే సరే. సెన్సార్లు లేనివి బయలుదేరేటప్పుడు గింజుకుంటాయి, టగ్గు క్షణక్షణం ఆగుతూ కదులుతూ ఉండాలి. మొదటి పడవకు బ్రష్ మోటారే నయం. నీళ్ల గొట్టాలతో చల్లబరచుకోమని ఎవరైనా చెబితే, టగ్గులో ఆ అవసరం వచ్చిందంటే ఎంపికే తప్పిందని అర్థం.

కొన్నాక, షాఫ్టు బిగించకముందు, ఇది తప్పక చెయ్యి. మోటారు షాఫ్టును కదలకుండా వైస్‌లో పట్టించి, ఒక్క వోల్టు మాత్రమే ఇచ్చి, ఆంపియర్లు చూసుకుని వెంటనే తీసేయి. 1.5 ఆంపియర్లు చూపిస్తే 12 వోల్టుల దగ్గర 18 వస్తుంది. ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకుపోయిన రోజున నీ కంట్రోలర్ తట్టుకోవలసింది అదే, కనుక కంట్రోలర్ 25 లేదా 30 ఆంపియర్లది కొను. ఒక్కో మోటారుకు ఒక్కోటి, అప్పుడు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిప్పి పడవను ఉన్నచోటే మళ్లించవచ్చు. పూర్తి భారం మీద ఒక్కో మోటారుకు నాలుగు ఆంపియర్ల దాకా రావచ్చు కాబట్టి ఒక్కోదానికి 7.5 ఆంపియర్ల కారు ఫ్యూజు సరిపోతుంది. దాన్ని మోటారు దగ్గర కాదు, బ్యాటరీకి ఆనుకుని పెట్టు.

బ్యాటరీకి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్లవి రెండు, అడుగున అటొకటి ఇటొకటి. ఛార్జింగు పెట్టినప్పుడు పడవ పై మూత తీసి ఉంచు.

చివరి పరీక్ష మీ అపార్ట్‌మెంట్ ఈత కొలనులో. స్నానాల తొట్టిలో చేస్తే నీళ్లు గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చి కొలత తప్పుతుంది. పడవ వెనక కొక్కేనికి పొడుగాటి తాడు కట్టి, గట్టు మీద స్ప్రింగ్ త్రాసుకు తగిలించి, నెమ్మదిగా పూర్తి వేగానికి తీసుకురా. డీసీ కొలిచే క్లాంప్ మీటరు ఒకటి తెచ్చుకో, మామూలుది ఏసీకే పనికి వస్తుంది. మూడు కిలోలు దాటితే నీ పడవ టగ్గే. ఐదు నిమిషాలయ్యాక మోటారును వేలితో తాకి చూడు, వేలు ఆనించి ఉంచలేకపోతే 60 పళ్ల చక్రాన్ని ఇంకా పెద్దదానితో మార్చాలి.

త్రాసు ఎంత చూపించిందీ, ఒక్కో మోటారుకు ఎన్ని ఆంపియర్లు వచ్చిందీ, ఏ పళ్ల చక్రాలతో చేశావో రాసి పంపు. ఏమైనా మార్చాలంటే అవి చూశాకే చెబుతాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య